చందమామ మీద నీళ్లు, చెల్కలో నీళ్లు

2023 ఆగస్టు 23 సాయంత్రం కూకట్‌పల్లిలోని మా ఇంట్లో టీవీ ముందు తొమ్మిది మందిమి కూర్చున్నాం. మా వాళ్లు నలుగురు, పక్క ఫ్లాట్ పిల్లలిద్దరు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అతని భార్య, ఇంటర్ చదువుతున్న వాళ్లబ్బాయి. విక్రమ్ ల్యాండర్ దిగే ఆ చివరి నిమిషాల్లో ఎవరూ నోరు మెదపలేదు. 6 గంటల 4 నిమిషాలకు దిగింది. వీధిలో టపాసులు పేలాయి, పిల్లలు సోఫా ఎక్కి గంతులేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాచ్‌మన్ భార్య కూడా అందరితో కలిసి చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక నా వైపు తిరిగి అడిగింది.

"గంత దూరం పంపిన్రు, సంబురమే సార్. గా చందమామ మీద నీళ్లున్నయో లేవో చూస్తమంటున్నరు గద. మా చెల్కల నీళ్లు యాడున్నయో గూడ జర చెప్పమనుండ్రి."

వాళ్లది కల్వకుర్తి దగ్గర ఊరు. మూడెకరాల చెల్క ఉంది. ఐదేళ్లలో మూడు బోర్లు వేశారు, మూడూ ఫెయిలయ్యాయి. ఒక్కోదానికి లక్ష పైన అయింది. ఆ అప్పు తీర్చుకోవడానికే పట్నం వచ్చారు. ఆమె మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. తెలిసినవాళ్లను దారి అడిగినట్టు అడిగింది. నేను మాత్రం "అది వేరే విషయం అమ్మా" అని దాటేశాను. ఆ జవాబు తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అంతరిక్షానికి డబ్బు ఖర్చు పెట్టడం న్యాయమేనా అని ఎవరైనా అడిగితే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి, దేశ గౌరవం ముందు డబ్బెంత అని. రెండోది, తిండికి లేనివాళ్లు ఇంతమంది ఉండగా రాకెట్లెందుకని. రెండు జవాబులూ అంతరిక్షాన్ని ఒకే మూటగా కట్టేస్తాయి. తుపానును కనిపెట్టే ఉపగ్రహం, చంద్రుడి మట్టిని పరీక్షించే రోవర్, మనిషిని పైకి తీసుకెళ్లే గగన్‌యాన్, ఈ మూడింటికీ డబ్బు వెళ్లేది ఒకే శాఖ నుంచి. అయినా మూడింటి న్యాయాన్యాయాలూ ఒకే తక్కెడలో తూగవు.

ముందు డబ్బు సంగతి. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం సుమారు 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. అందులో అంతరిక్ష శాఖకు కేటాయించింది 13,416 కోట్లు. ప్రభుత్వం పెట్టే ప్రతి వంద రూపాయల ఖర్చులో 26 పైసలన్నమాట. జనాభాకు పంచితే తలకు ఏడాదికి వంద రూపాయల లోపే. అదే బడ్జెట్‌లో ఆహార సబ్సిడీకి 2 లక్షల 3 వేల కోట్లు పెట్టారు. ఇస్రోను పూర్తిగా మూసేసి ఆ డబ్బంతా రేషన్‌కు మళ్లించినా 24 రోజుల ఖర్చుకు సరిపోతుంది. చంద్రయాన్-3కి అయిన 615 కోట్లు ఒక్క రోజు ఆహార సబ్సిడీ కంటే కొంచెం ఎక్కువ.

చాలా వ్యాసాలు ఇక్కడే ఆగిపోతాయి. ఇంత చిన్న మొత్తానికి గొడవెందుకని తేల్చేస్తాయి. నాకది సరైన వాదనగా కనిపించదు. అవే 13,416 కోట్లు ఆ ఏడాది ఉపాధి హామీకి కలిపి ఉంటే 86 వేల కోట్ల ఆ పథకం దాదాపు ఆరో వంతు పెరిగేది. పాలమూరు నుంచి పిల్లల్ని చంకనెత్తుకుని పట్నం వచ్చే కుటుంబాలకు అది చిన్న తేడా కాదు. మొత్తం చిన్నదైనంత మాత్రాన ఖర్చు న్యాయమైపోదు. దాంతో ఏం వచ్చిందో చూపించాలి.

అయితే ఒకచోట ఆపిన డబ్బు తిన్నగా పేదవాడి ఇంటికి వెళ్తుందన్న నమ్మకాన్నీ పరీక్షించాలి. 1969 జులై 15న, అపోలో-11 బయలుదేరడానికి ముందు రోజు, పౌరహక్కుల నాయకుడు రాల్ఫ్ అబర్నతీ పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచర గాడిదల బండితో కెన్నెడీ స్పేస్ సెంటర్ దగ్గరికి నిరసనగా వచ్చాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికి వచ్చి వాళ్లను కలిశాడు. రేపు బటన్ నొక్కకుండా ఉంటే పేదరికం పోతుందంటే మేం నొక్కమని చెప్పాడు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే నాసా వాటా బాగా పడిపోయింది. 1966లో అమెరికా ప్రభుత్వ ఖర్చులో 4 శాతం దాటిన వాటా 1970ల మధ్యకు వచ్చేసరికి సుమారు ఒక శాతానికి దిగింది. పేదరికం మాత్రం అక్కడే ఉంది. పేదరికం మీద పెట్టాల్సిన డబ్బు పెట్టాలంటే వేరే పోరాటం కావాలి. ఆ పోరాటం రాకెట్‌ను ఆపినంత మాత్రాన గెలిచినట్టు కాదు.

ఇక దేనికి ఎంత విలువ ఉందో విడివిడిగా చూద్దాం. తెలుగువాళ్లకు ఈ లెక్క మొదలయ్యేది దివిసీమ నుంచి. 1977 నవంబరు 19 ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్సాట్-1బి పైకి వెళ్లింది. బంగాళాఖాతం మీద మేఘం సుడి తిరగడం మొదలైనప్పటి నుంచి కనిపెట్టి చూసే కన్ను అది. తీర ప్రాంతాలకు నేరుగా హెచ్చరిక వినిపించే రిసీవర్లు కూడా ఆ దశాబ్దంలోనే ఆ ఉపగ్రహాల ద్వారా పనిచేయడం మొదలైంది. 1990 మేలో మళ్లీ మన తీరానికే భీకరమైన తుపాను వచ్చింది. లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. మృతులు వెయ్యికి లోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చింది. చెట్టన్నది మిగలకుండా కూల్చేసింది. అయినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది.

పది వేలు, వెయ్యి, పదులు. ఈ వరస చూపించి ఉపగ్రహాలే కాపాడాయని చెప్పేయడం తేలిక. అలా చెప్పేముందు 1996ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను చిన్నదే, కానీ చాలా తీవ్రమైనది. అప్పటికి ఇన్సాట్ వచ్చి పదమూడేళ్లు. అయినా వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఇంకెంతో మంది జాడే తెలియలేదు. వాళ్లలో చాలామంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. నడిసముద్రంలో ఉన్న పడవకు కబురు చేరే దారి లేదు. పైనున్న కన్ను చూసింది. ఆ చూసిన సంగతి కింద ఉన్న చెవికి అందలేదు.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క తేడాలో ఉంది. 1990కీ 1996కీ మధ్య తేడా ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. రాడార్లు, తుపాను షెల్టర్లు, వైర్‌లెస్ సెట్లు, రాత్రికి రాత్రి ఊళ్లు తిరిగి జనాన్ని లారీలెక్కించిన రెవెన్యూ ఉద్యోగులు, ఇవన్నీ కలిస్తేనే ఉపగ్రహానికి విలువ. అవి లేని చోట వందల కోట్ల ఉపగ్రహం కూడా అందమైన ఫొటో తీసి ఊరుకుంటుంది.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఈ వ్యవస్థ ఎంత దగ్గరో తెలియదు. మా ఇంటి నుంచి కొద్ది దూరంలో ప్రగతినగర్ పక్కన కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన ఊళ్లోనే సముద్రానికి కాపలా కాసే కేంద్రం పెట్టారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2007 నుంచి దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే నడుస్తోంది. సముద్రం అడుగున పెట్టిన యంత్రాలు నీటి ఒత్తిడిలో మార్పును కొలిచి, పైన తేలే బోయాకు అందిస్తాయి. బోయా నుంచి ఉపగ్రహం ద్వారా ఆ సమాచారం ఇక్కడికి చేరుతుంది.

అదే కేంద్రం చేపలు దొరికే చోట్లను కూడా చెబుతుంది. సముద్రంలో నాచు ఎక్కువున్న నీరు పచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనాన్ని ఓషన్‌శాట్ లాంటి ఉపగ్రహం కొలుస్తుంది. వెచ్చటి నీరు, చల్లటి నీరు కలిసే అంచు ఎక్కడుందో ఉపరితల ఉష్ణోగ్రతను బట్టి తెలుస్తుంది. నాచు కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్ద చేపలు చేరేది ఆ అంచుల దగ్గరే. ఏ రేవు నుంచి ఏ దిక్కుగా ఎంత దూరం వెళ్లాలో తెలుగులోనే చెబుతారు. చేపల కోసం వెతుక్కుంటూ తగలబెట్టే డీజిల్ మిగులుతుంది. ఇక్కడా ఒక మాట చెప్పుకోవాలి. మరపడవ ఉన్నవాడు 40 కిలోమీటర్లు వెళ్లగలడు, తెప్ప ఉన్నవాడు వెళ్లలేడు. అందరికీ ఒకే సమాచారం అందినా అందరి చేతికీ ఒకే లాభం రాదు.

బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, అంటే ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. 1974లో ఏజెన్సీగా మొదలై 2008లో ఇస్రోలో కలిసింది. దాని గేటు ముందు నుంచి వేల మంది రోజూ సిటీ బస్సుల్లో వెళ్తుంటారు. లోపల ఏం జరుగుతుందో ఎక్కువ మందికి తెలియదు, నాకూ తెలియదు. వాచ్‌మన్ భార్య అడిగిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను.

కల్వకుర్తి చుట్టుపక్కల నేల కింద గట్టి గ్రానైట్ రాయి. ఇలాంటి చోట నీరు భూమి లోపల చెరువులా నిలిచి ఉండదు. పైన కుళ్లి మెత్తబడిన రాతి పొరలో కొంత, కింద రాతి పగుళ్లలో కొంత ఉంటుంది. పగులు తగిలితే నీళ్లు పడతాయి, పది గజాలు పక్కకు జరిగితే దుమ్మే వస్తుంది. ఉపగ్రహానికి భూమి లోపలి నీరు కనబడదు. కానీ పగుళ్ల ఆనవాళ్లు పైనుంచి కనబడతాయి. వంకరగా పారే వాగు ఉన్నట్టుండి గీత గీసినట్టు తిన్నగా పారుతుంది. నడివేసవిలో కూడా ఒకే వరసలో చెట్లు పచ్చగా నిలుస్తాయి. నేల మీద నిలబడి చూస్తే ఇవి విడివిడి చెట్లు, విడివిడి వాగులు. ఎత్తు నుంచి చూస్తే కిలోమీటర్ల పొడవు పగులు గీత. ఈ గీతలను, రాతి రకాన్ని, వాలును, ఊళ్లలో బావుల లోతులను కలిపి భూగర్భ నిపుణులు పటం తయారు చేస్తారు. రాజీవ్ గాంధీ తాగునీటి మిషన్ కోసం ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఇలాంటి భూగర్భ జల అవకాశాల పటాలు తయారు చేయించింది. ఇస్రో పటాల వెబ్‌సైట్ అయిన భువన్ పోర్టల్‌లో అవి అందరూ చూడొచ్చు.

ఆ పటం ఎక్కడ బోరు వేయాలో వేలు పెట్టి చూపదు. దాని మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఊళ్లో ఏ వైపు ఆశ ఉంది, ఏ వైపు డబ్బు దండగ అన్నది చెబుతుంది. ఆ తర్వాత నేలలోకి కరెంటు పంపి రాతి నిరోధాన్ని కొలిచే సర్వే చేస్తే పాయింటు తేలుతుంది. వాళ్లు ఆ మూడు బోర్లకూ పాయింటు పెట్టించుకున్నది అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసే మనిషితో. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. కొబ్బరికాయ మనిషి పిలిస్తే మర్నాడే పొలానికి వస్తాడు. పటం ఉన్న సంగతి వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

కాబట్టి ఈ సేవల ఉపగ్రహాల విషయంలో నాకు అనుమానం లేదు. వాటికి పెట్టే ప్రతి రూపాయీ న్యాయమే. ఇంకా ఎక్కువ పెట్టినా న్యాయమే. అనుమానం వచ్చేది చంద్రుడి దగ్గర, సూర్యుడి దగ్గర. బోరుకూ తుపానుకూ పనికిరాని శాస్త్రం ఎందుకు?

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. ఉపయోగం దృష్టితో ఆలోచిస్తే అంతకంటే పనికిమాలిన ప్రయాణం ఉండదు. సూర్యుడి అంచున లేచే మంటల వెలుగును రంగులుగా విడదీసి చూశాడు. ఆ గ్రహణం రోజున పరిశీలకులు చూసిన వెలుగులో ఒక పసుపు గీత ఉంది. అప్పటికి తెలిసిన ఏ మూలకంతోనూ అది సరిపోలేదని తర్వాత తేలింది. సూర్యుడి పేరు మీదే దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో. ఇవాళ మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎంఆర్‌ఐ మిషన్ పనిచేయాలంటే దాని అయస్కాంతాన్ని చల్లబరిచేది ద్రవ హీలియమే. గుంటూరు ఎండలో టెలిస్కోపు బిగించుకున్న మనిషికి ఆసుపత్రి సంగతి తట్టే వీలే లేదు. శాస్త్రం ఎప్పుడూ ఇలాగే ఫలిస్తుందని నేను చెప్పడం లేదు. చాలా పరిశోధనల నుంచి ఏ మిషనూ పుట్టదు. ఏది ఫలిస్తుందో ముందు తెలియదు కాబట్టే కొంత డబ్బు ఫలితం అడగకుండా పెట్టాల్సి వస్తుంది. ఆ కొంత ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నను మన నగరం వందేళ్ల కిందటే ఎదుర్కొంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత డబ్బుతో వేధశాల కట్టించాడు. ఆయన పోయాక 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. బేగంపేటలోని నిజామియా వేధశాల అదే. ఆ 1908 సెప్టెంబరులోనే మూసీ పొంగి వేల మందిని మింగింది. నదికి కట్టలు లేని ఊళ్లో నక్షత్రాలు లెక్కపెట్టే కొలువు ఎందుకని అప్పటి ప్రభుత్వం దాన్ని మూసేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. మూయలేదు. విశ్వేశ్వరయ్య సలహాతో 1920కి గండిపేట, 1927కి హిమాయత్‌సాగర్ కట్టారు. అదే కాలంలో ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి పటం గీసే అంతర్జాతీయ పథకంలో హైదరాబాద్ తన వాటా ఆకాశాన్ని తీసుకుని లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. రెండు పనులూ జరిగాయి. గండిపేట ముందు కట్టాల్సిన పనే, సందేహం లేదు. అది కట్టడానికి వేధశాలను అమ్మాల్సిన అవసరం రాలేదు.

చంద్రయాన్-1 ఖర్చు 386 కోట్లు, మంగళ్‌యాన్ 450 కోట్లు. చంద్రయాన్-2 ఖర్చు 978 కోట్లు, దాని ల్యాండర్ 2019 సెప్టెంబరులో కూలిపోయింది. ఈ స్థాయి ఖర్చుతో చంద్రుడి మీద నీటి అణువుల ఆనవాళ్లు చూడగలిగాం. దక్షిణ ధ్రువ ప్రాంతపు మట్టిలో గంధకాన్ని గుర్తించగలిగాం. ఫలితం అడగకుండా పెట్టాల్సిన కొంత డబ్బు అంటే నా దృష్టిలో ఇంతే. ఈ డబ్బును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. సినిమా బడ్జెట్ కంటే తక్కువలో మార్స్‌కు వెళ్లామనే పోలిక మాత్రం నాకు నచ్చదు. అది చవగ్గా చేశామని చెబుతుందే తప్ప చేయదగ్గ పనేనా అన్నది చెప్పదు. వాచ్‌మన్ భార్య అడిగిన ప్రశ్నకు అందులో జవాబే లేదు.

ఇలాంటివే ఇంకో రెండు వాదనలు తరచూ వినిపిస్తాయి. విదేశీ ఉపగ్రహాలను పంపి ఇస్రో సంపాదిస్తోందన్నది ఒకటి. 2015 నుంచి 2024 చివరి దాకా పదేళ్లలో 393 విదేశీ ఉపగ్రహాలను పంపితే వచ్చింది సుమారు 14 కోట్ల డాలర్లు. పదేళ్ల సంపాదన అంతా కలిపినా ఒక్క ఏడాది బడ్జెట్‌లో పదో వంతు. లాభాల పేరు చెప్పి అంతరిక్షాన్ని సమర్థించకూడదు. డబ్బు పైకి పోదు, ఇక్కడే ఖర్చవుతుందన్నది రెండో వాదన. నిజమే. కంచన్‌బాగ్‌లోని మిధాని రాకెట్లకు కావాల్సిన ప్రత్యేక ఉక్కును, టైటానియం మిశ్రమాలను పోతపోస్తుంది. చంద్రయాన్ సంకేతాలు అందుకునే 32 మీటర్ల యాంటెన్నా తయారీలో మన ఈసీఐఎల్‌ది ప్రధాన పాత్ర. 2022 నవంబరు 18న మన దేశపు మొట్టమొదటి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను పంపిన స్కైరూట్ హైదరాబాద్ కంపెనీయే. ఇవి చూస్తే గర్వంగా ఉంటుంది, పిల్లలకు ఉద్యోగాలూ వస్తాయి. కానీ ఉద్యోగాలు ఆసుపత్రులు కట్టినా వస్తాయి. ఉద్యోగాల మాట మంచిదే, అదొక్కటే చాలదు.

గగన్‌యాన్ దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఒక వైపు నిలవదు. 2018లో సుమారు పది వేల కోట్లతో మొదలైన పథకం 2024లో 20,193 కోట్లకు చేరింది. మనిషిని పంపితే కొత్తగా తెలిసే శాస్త్రం ఆ డబ్బుకు తగ్గట్టు ఉంటుందని నేను నమ్మడం లేదు. చాలా పనులు యంత్రాలు అంతకంటే చవగ్గా చేస్తాయి. దీన్ని సమర్థించేవాళ్ల దగ్గర ఒక బలమైన వాదన ఉంది, దాన్ని పక్కన పెట్టలేను. 1993లో అమెరికా ఒత్తిడి వల్ల రష్యా మనకు క్రయోజెనిక్ ఇంజిన్ (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే ఇంజిన్) టెక్నాలజీ ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. సొంతంగా నేర్చుకుని గెలవడానికి 2014 జనవరి దాకా పట్టింది. మధ్యలో వైఫల్యాలు చాలా. అప్పుడు చాలామంది దాన్ని డాబు కోసం చేస్తున్న పని అన్నారు. 2024 ఫిబ్రవరి 17న తుపాన్లను కనిపెట్టే ఇన్సాట్-3డిఎస్‌ను శ్రీహరికోట నుంచి పైకి చేర్చింది ఆ తరహా ఇంజినే. ఒక తరంలో డాబుగా కనిపించిన విద్య తర్వాతి తరంలో మత్స్యకారుడి ప్రాణం కాపాడే పనికి వచ్చింది. గగన్‌యాన్ కోసం నేర్చుకునేది కూడా రేపు అలా పనికొస్తుందేమో.

అందుకే నేను వద్దనను. ఒక షరతు పెడతాను. మనిషిని పంపే ఉత్సాహంలో కాపలా కాసే ఉపగ్రహాలు వెనకబడకూడదు. అలా వెనకబడ్డ ఛాయలు కనిపిస్తున్నాయి. మన సొంత దారి చూపే వ్యవస్థ నావిక్‌లో కొన్ని ఉపగ్రహాల అణు గడియారాలు పాడైపోయాయి. 2025 జనవరిలో పంపిన ఎన్‌విఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. విపత్తులను కనిపెట్టి ఉండాల్సిన ఈఓఎస్-03ను 2021 ఆగస్టులో కోల్పోయాం. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ రాకెట్ కూడా విఫలమైంది. రాకెట్ సైన్స్‌లో వైఫల్యం తప్పు కాదు. కానీ అది ప్రజల డబ్బు. ఎందుకు విఫలమైందో చెప్పే నివేదిక ప్రతిసారీ ప్రజల ముందుకు రావాలి. చప్పట్లు కొట్టే హక్కు ఎంత ఉందో అడిగే హక్కూ మనకు అంతే ఉంది.

బడ్జెట్ పుస్తకంలో కనిపించని ఖర్చు ఒకటుంది. శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. అక్కడ అడవి మీద, పులికాట్ సరస్సు మీద బతికే యానాదులు ఉండేవాళ్లు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక వాళ్లు తమ చోటు వదులుకోవాల్సి వచ్చింది. ప్రతి ప్రయోగం రోజునా మనం కౌంట్‌డౌన్ లెక్కపెడతాం. ఆ నేల ఎవరిదో ఒక్కసారైనా తలచుకోం. అంతరిక్షం న్యాయమా అని అడిగేవాళ్లు ముందు ఈ ప్రశ్న అడగాలి. వాళ్ల మనవలు ఇవాళ ఏం చదువుతున్నారు, వాళ్లలో ఎందరికి ఆ కేంద్రంలో ఉద్యోగం ఉంది?

ఈ సంగతులన్నీ చదివాక ఒక ఆదివారం వాచ్‌మన్ కుటుంబాన్ని మళ్లీ పిలిచాను. ల్యాప్‌టాప్‌లో భువన్ తెరిచాం. పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వాళ్లబ్బాయి ఒక్కొక్కటే చదివి వాళ్లమ్మకు తెలుగులో చెప్పాడు. ఊరు దొరికింది. ఊరి కుంట దొరికింది. కుంటను బట్టి తమ చెల్క ఎటువైపో ఆమె వేలితో గుర్తుపట్టింది. మూడు బోర్లూ వేసిన దక్షిణం వైపు నీటి అవకాశం తక్కువని చూపించే రంగు ఉంది. ఉత్తరం గట్టుకు కాస్త అవతలగా సన్నటి గీత ఒకటి ఏటవాలుగా కుంట దాకా వెళ్లింది. ఆ గీత మీద ఆమె వేలు చాలాసేపు ఆగింది.

"గీ కాయితం మా ఊళ్లె ఎవరి దగ్గరన్న ఉంటదా సార్?"

ఉంటుందని చెప్పలేకపోయాను. వాళ్లబ్బాయి కిందికి వెళ్లి కలర్ ప్రింట్ తీయించుకొచ్చాడు. ఆ పటంతో పాయింటు తేలదని, సర్వే చేయించాలని ఇద్దరికీ రెండుసార్లు చెప్పాను. దసరాకు ఊరికి పోయినప్పుడు భూగర్భ జల శాఖ వాళ్లను పట్టుకుని సర్వే చేయించినంకనే నాలుగో బోరు ముచ్చట అని ఆమె భర్తకు గట్టిగా చెప్పింది. ప్రింట్‌ను నాలుగు మడతలు పెట్టి, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది.